రాధికా సాంత్వనము: పాఠము, పాఠకుడు, కాలము

ఒక కావ్యానికి పుట్టిన కాలంతో పాటు చదివిన కాలాలు కూడ చరిత్రే అవుతవి. ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనము ఇందుకు నిదర్శనం.

ప్రతాపసింహుడు తంజావూరు నేలిన కాలంలో (1739–63) ఆయన ఆస్థానంలో వెలసిన శృంగార ప్రబంధమిది. తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెండ్లి చేసిన రాధ పిదప అసూయతో, విరహంతో కుములుతుంది; కృష్ణుడు ఆమెను ఊరడిస్తాడు. శృంగారం ఆ సభకు కొత్త కాదు. రాధ కోరికను రాధ పక్షాన నిలిచి చెప్పడమే ఇందులోని విశేషం.

అవతారికలో కవయిత్రి తన వంశపు స్త్రీలను స్మరించి, తన విద్వత్తును నిస్సంకోచంగా చెప్పుకొన్నది. 1887లో అచ్చైన ప్రతిలో ఆ పద్యాలు లోపించినవి. సందర్భం కావ్యానికి వెలుపలి వస్తువని మన మనుకొంటాము. ఒక్కొక్కప్పుడు అది కావ్యం లోపలినుండే జారిపోతుంది.

వీరేశలింగం పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రములో ఈ కృతిని తీవ్రంగా గర్హించినారు. అంతమాత్రాన ఆయనను అరసికుడనుట న్యాయం కాదు. వితంతు వివాహాలు జరిపించి, స్త్రీవిద్యకు పాటుపడి, వేశ్యాసంప్రదాయంతో పోరాడిన సంస్కర్త ఆయన. ఆ కంటికి రాధ కన్న ముందు ఆ సంప్రదాయమే కనబడి ఉండవచ్చును.

బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్లవారిచేత సమగ్రపాఠాన్ని ప్రకటింపజేసినారు. శృంగారమే దోషమైతే పంతులుగారు పరిష్కరించిన వైజయంతీవిలాసానికి ఆ దోషం ఎందుకు అంటలేదని ఆమె పీఠికలో నిలదీసినారు. ఆమెయు తటస్థురాలు కారు. ముద్దుపళని వలెనే దేవదాసీ పరంపరకు చెందినవారు. అయినను అభిమానంతో తృప్తిపడక పాఠాన్ని సరిచూచినారు. ఒకే కొలతను రెండు గ్రంథాలకూ పట్టినారు.

1911లో ప్రభుత్వం ఈ గ్రంథాన్ని అశ్లీలమని నిషేధించినది. 1946–47లో మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఆ నిషేధాన్ని తొలగించగా, 1952లో మరల అచ్చైనది. ఒకరి అభిరుచి చట్టంగా మారితే ఒక కవయిత్రి గొంతు దశాబ్దాలపాటు వినబడకుండ పోగలదు.

నేడు దీనిని స్త్రీ స్వాతంత్ర్యస్వరంగా చదువుతున్నాము. ఇదియు మన కాలం మనకిచ్చిన చూపే. తాను పెంచిన పిల్లను రాధ స్వయంగా కృష్ణుని చేతికిచ్చే ఘట్టం దగ్గర ఈ చూపు కూడ కొంత ఆగి ఆలోచింపవలసి ఉన్నది.

అభిరుచి లేని పాఠకుడుండడు, ఉండనవసరమూ లేదు. కాని తీర్పు చెప్పబోయే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. నా చేతిలోని పాఠం సమగ్రమేనా? ఈ కృతికి పట్టిన కొలతను, నాకు ప్రియమైన కృతికి కూడ పట్టగలనా? నాగరత్నమ్మగారి పీఠిక విమర్శకులకు, అనువాదకులకు విడిచిపోయిన పాఠ మిదే.