స్థావరమా? జంగమమా?

సెల్‌ఫోనుకు తెలుగు మాట వెదికినవారిలో కొందరు ‘చరవాణి’ అన్నారు, మరికొందరు ‘జంగమవాణి’ అన్నారు. నాకు రెండవదే నచ్చింది. జంగమం అనగానే దాని జంటమాట స్థావరం గుర్తుకు వస్తుంది. ఫోన్ల విషయంలో ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయాలన్న తగవు మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందులో మా కొలిమిగుండ్ల వంటి ఊళ్లకూ సంబంధం ఉంది కాబట్టి ఆ కథ కొంత చెప్పాలనిపించింది.

సంపన్న దేశాలలో ఇంటికి ముందు తీగ ఫోను వచ్చింది, తరువాత కార్డ్‌లెస్ వచ్చింది, ఆ పిమ్మట సెల్ వచ్చింది. కనుక వారికి ఎదురైన పని ఉన్నవాటిని కలపడమే. పానాసోనిక్ కంపెనీ ‘లింక్ టు సెల్’ పేరిట అమ్మినది అటువంటి పరికరమే. ఇంటికి వచ్చి సెల్‌ను ఒక మూల పెడితే చాలు, అది బ్లూటూత్ ద్వారా కార్డ్‌లెస్ పీఠంతో జతపడుతుంది. సెల్‌కు వచ్చిన కాల్ వంటింట్లోనూ పడకగదిలోనూ ఉన్న కార్డ్‌లెస్ ఫోన్లలో మోగుతుంది. అమెరికాలోని బంధువుల ఇళ్లలో దీనిని చూసినవారు మీలో ఉండే ఉంటారు. మన పల్లెలలో ఈ సంబంధం తలకిందులయింది. కలపడానికి ముందుగా ఉండవలసిన తీగే అక్కడ లేదు.

మాది నాపరాతి నేల. అడుగు తవ్వితే బండ, బండ కింద సున్నపురాతి గుహలు. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు మా మండలంలోనివే. టెలిఫోను స్తంభానికి గుంత తీయడం ఇక్కడ గడ్డపారకు పరీక్ష. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ, వేడికీ దుమ్ముకూ తట్టుకునే 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజిని రూపొందించి గొప్ప మేలు చేసింది. అయినా ఎక్స్ఛేంజి నుంచి ఊరూరికీ తీగ లాగాలి కదా! తీగకు బదులు ‘మార్’ అనే రేడియో పద్ధతిలో దేశమంతటా గ్రామాలకు ఫోన్లు పెట్టారు. వాటిలో పెక్కు మూగబోయాయి.

ఇక్కడ ఒక మంచి ఆలోచన మద్రాసు ఐఐటీ నుంచి వచ్చింది. ఐరోపావారు ఇంటిలోపలి కార్డ్‌లెస్ ఫోన్ల కోసం 1992లో స్థిరపరచిన ‘డెక్ట్’ ప్రమాణాన్ని తీసుకొని, అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం, మిడాస్ కమ్యూనికేషన్స్‌తో కలిసి, ‘కార్‌డెక్ట్’ తయారుచేసింది. అక్కడ గదికీ గదికీ మధ్య నడిచిన తరంగం ఇక్కడ ఊరికీ ఊరికీ మధ్య, చూపుకు అడ్డం లేకపోతే పది కిలోమీటర్లు నడిచింది. ఆంధ్రలో దానిని కుప్పంలో నెలకొల్పారు. మాటతో పాటు సెకనుకు 35 కిలోబిట్ల అంతర్జాలం కూడా అందించిన ఆ పద్ధతికి దక్కవలసినంత ప్రచారం దక్కలేదని నా అభిప్రాయం.

దేశంలో చివరకు గెలిచినది మాత్రం సీడీఎంఏ. 2001 జనవరిలో ప్రభుత్వం తీగ ఫోను కంపెనీలకు ‘పరిమిత సంచారం’ అనుమతించింది. ఫోను చేతపట్టుకొని తిరగవచ్చు, కాని ఒక ఎస్టీడీ కోడ్ హద్దు దాటరాదు. అంటే కొలిమిగుండ్లలో పలికిన ఫోను నంద్యాల (08514) పొలిమేరలోనో ఆళ్లగడ్డ (08519) పొలిమేరలోనో మూగనోము పట్టాలి! తరంగానికి తెలియని సరిహద్దును చట్టం గీసింది. సెల్ కంపెనీలు దీనిమీదే వ్యాజ్యం వేశాయి. 2003 నవంబరులో ఏకీకృత లైసెన్సు రావడంతో ఆ గొడవ సద్దుమణిగింది.

అసలు గొడవ తరువాతిది. టాటావారి ‘వాకీ’, రిలయన్స్‌వారి ‘అన్‌లిమిటెడ్ కార్డ్‌లెస్’ చూడటానికి బల్లమీది ఫోనులే. లోపల ఉన్నది సెల్‌ఫోను, వెనుక చిన్న యాంటెన్నా, కరెంటు పోయినా పలికించే బ్యాటరీ. పేర్లు గమనించారా? ఒకటి నడక, ఒకటి హద్దులేనితనం. కాని వీటిని స్థిర ఫోనులనే కంపెనీలు వాదించాయి. ఎందుకంటే పల్లెలలోని తీగ ఫోన్ల నష్టం పూడ్చడానికి ఇతర కంపెనీలు బీఎస్ఎన్ఎల్‌కు ‘యాక్సెస్ డెఫిసిట్ ఛార్జి’ చెల్లించాలి. స్థిర ఫోను అనిపించుకుంటే ఆ భారం తప్పుతుంది. ఇల్లు దాటినా పలికేది స్థిరం ఎలా అవుతుందని బీఎస్ఎన్ఎల్ అడిగింది. 2008లో సుప్రీంకోర్టు కంపెనీల వాదనను తోసిపుచ్చింది.

న్యాయమూర్తులు చట్టంలో చదివినదానిని నేను మా రోడ్డుమీదే చూశాను. బండల వ్యాపారి ఒకాయన ఆ బల్లఫోనును గుడ్డసంచిలో వేసుకొని, ఉదయం గనికి, మధ్యాహ్నం పాలిష్ ఫ్యాక్టరీకి, రాత్రి ఇంటికి మోసుకుపోయేవాడు. “సెల్లు కొనుక్కోరాదా అన్నా?” అంటే, “ఇంట్లో ఆడోళ్లు గూడా మాట్లాడల్ల గదప్పా” అనేవాడు. ఆయన దృష్టిలో అది ఇంటి ఫోనే. ఇంటిపెద్ద వెంట నడిచే ఇంటి ఫోను. తీర్పు సరైనదేనని ఒప్పుకుంటాను. అయితే ఏ తీగ ఫోన్ల కోసం ఆ రుసుము పుట్టిందో ఆ తీగ రానందుకే ఆయన సంచి మోశాడన్నది కూడా నిజం. తీర్పు వచ్చిన ఆ 2008లోనే ఆ రుసుమునూ ఎత్తివేశారు.

2017 చివరకు రిలయన్స్ కమ్యూనికేషన్స్ సెల్ సేవలు ఆగిపోయాయి. 2019లో టాటావారి సెల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. 2011 నుంచి దేశమంతటా సెల్ నంబరును కంపెనీ మారినా నిలుపుకోవచ్చు. ఎస్టీడీ కోడ్‌తో మొదలయ్యే నంబరుకు ఆ హక్కు లేదు. సంచిలో ఎంత తిరిగినా వాకీ నంబరు ఆ జాతిదే. ఆ ఫ్యాక్టరీ గోడమీద రంగుతో రాయించిన అంకెలు చాలాకాలం అలాగే ఉన్నాయి, ఎవరు నొక్కినా మోగకుండా.