నాసర్ చెరసాలలో రెండు పుస్తకాలు

నజీబ్ మహ్‌ఫూజ్ నవలల వెంటపడి చదువుతున్న రోజుల్లో ఒక పేరు నాకు అనుకోని చోట ఎదురైంది. 1940లలో ఆ యువ రచయితను గుర్తించి మెచ్చుకున్న తొలి విమర్శకులలో సయ్యద్ కుతుబ్ ఒకడు. జిహాదీలు గురువుగా చెప్పుకునే కుతుబ్ ఇతడేనా అని చాలాసేపు నమ్మలేకపోయాను.

ఇతడే. 1906లో ఎగువ ఈజిప్టు పల్లెలో పుట్టి కవిగా, విమర్శకుడిగా, విద్యాశాఖ ఉద్యోగిగా పేరు తెచ్చుకున్నవాడు. అమెరికాలో రెండేళ్ళుండి వచ్చాక, 1928లో హసన్ అల్ బన్నా స్థాపించిన ముస్లిం బ్రదర్‌హుడ్‌లో చేరాడు. 1954 అక్టోబరులో అలెగ్జాండ్రియా సభలో ఆ సంస్థ సభ్యుడొకడు నాసర్‌పై కాల్పులు జరిపాడు. గుండ్లు తగలలేదు. కాల్చినవాణ్ణి శిక్షించడం ఏ ప్రభుత్వానికైనా విధాయకమే. కాని నాసర్ వేలమందిని జైళ్ళలో కుక్కించాడు, ఆరుగురిని ఉరితీయించాడు. చిత్రహింసలు అనుభవించిన కుతుబ్‌కు 15 ఏళ్ళ శిక్ష పడింది. 1957లో తూరా జైలులో కాపలాదారులు 21 మంది బ్రదర్‌హుడ్ ఖైదీలను చంపారు.

ఇస్లామే రాజ్యానికి పునాది కావాలన్న వాదం కుతుబ్‌కు జైలుకు ముందే ఉంది. జైలులో అది మరింత ముదిరింది. ముస్లిములమని చెప్పుకునే ఈ సమాజమే ప్రవక్తకు పూర్వపు అజ్ఞానంలో, అంటే జాహిలియాలో, ఉందన్నాడు. ఆ మాటలే 1964లో ‘మైలురాళ్ళు’గా అచ్చయ్యాయి. న్యాయస్థానంలో ఆ పుస్తకమే అతనికి వ్యతిరేక సాక్ష్యమైంది. 1966 ఆగస్టు 29న ఉరితీశారు. అప్పటికి అయ్‌మన్ అల్ జవాహిరీ పదిహేనేళ్ళ బడిపిల్లవాడు. ఆ యేడే రహస్య దళం కట్టాడు.

జైలే తీవ్రవాదిని తయారుచేసిందని ఇక్కడ తేల్చేయడం సులువు. నేను అంత దూరం పోలేను. బ్రదర్‌హుడ్ అధినేత హసన్ అల్ హుదైబీ కూడా నాసర్ జైళ్ళలోనే మగ్గారు. ఆయన పేరున అక్కడినుంచే వచ్చిన ‘బోధకులం, న్యాయమూర్తులం కాము’ అనే గ్రంథం, తోటి ముస్లిమును అవిశ్వాసిగా తీర్మానించే అధికారం ఎవరికీ లేదని వాదించింది. అది 1977లో గాని అచ్చు కాలేదు. ఉరితాడు మొదటి పుస్తకానికి తెచ్చిపెట్టిన కీర్తి దీనికెక్కడిది!

1981లో సాదత్‌ను చంపారు. వెంటనే విధించిన ఎమర్జెన్సీ 2012 దాకా ఎత్తలేదు. విచారణ లేని నిర్బంధాలు, ప్రత్యేక న్యాయస్థానాలు మామూలైపోయాయి.

1994 అక్టోబరులో ఒక యువకుడు ఎనభై రెండేళ్ళ మహ్‌ఫూజ్ మెడలో కత్తి దించాడు. మతద్రోహమని నింద మోసిన ఆయన నవలను తాను చదవనేలేదని ఒప్పుకున్నాడు. పోలీసు కాపలా ఇస్తామంటే మహ్‌ఫూజ్ అంతకుముందే వద్దన్నారు. ఎమర్జెన్సీ అమలులోకి వచ్చి అప్పటికి పదమూడేళ్ళు. ఆ తరువాత ఆయన కుడిచేయి కొద్ది నిమిషాలకు మించి కలం పట్టలేకపోయింది.