గోదావరి ఒడ్డున బేతాళుడు

బేతాళ కథలు మొదలయ్యేది గోదావరి ఒడ్డున. కాశ్మీర కవి సోమదేవుడు 11వ శతాబ్దంలో రాసిన కథాసరిత్సాగరంలో ఆ రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు ప్రతిష్ఠానం. ఇప్పటి మహారాష్ట్రలోని పైఠాన్ అదే. ఒక భిక్షువు రోజూ కొలువుకు వచ్చి రాజు చేతిలో పండు పెట్టి పోతుంటాడు. ఒకనాడు ఆ పండు కోతి చేతికి చిక్కి పగిలితే లోపల రత్నం! ఇన్నేళ్లూ ఇచ్చిన రత్నాలకు బదులుగా భిక్షువు కోరింది ఒక్కటే. బహుళ చతుర్దశి రాత్రి శ్మశానానికి ఒంటరిగా రావాలి, చెట్టుకు వేలాడే శవాన్ని దింపి తేవాలి. ఆ శవంలో ఉన్నది బేతాళుడు.

పైఠాన్ దాటిన గోదావరి కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి, బాసరను తాకి, పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల మధ్య హద్దుగా ధర్మపురి, మంథని వైపు సాగుతుంది. ఆ దారిలోనే కోటిలింగాల ఉంది. శాతవాహనుల కాలపు ఊరి శిథిలాలు, ఆ వంశపు తొలి రాజు సిముకుని పేరున్న నాణేలు అక్కడ బయటపడ్డాయి. సోమదేవుడు తన కథలకు మూలమని చెప్పుకున్న బృహత్కథను రాసిన గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులోని వాడేనని కథాసరిత్సాగరమే అంటుంది.

గుణాఢ్యుడి కథే ఒళ్లు జలదరించే కథ. రాజుకు సంస్కృతం ఎంత కాలంలో నేర్పవచ్చన్న పందెంలో ఓడిపోయి, సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడింటినీ వదులుకుని వింధ్యాటవికి పోయాడు. అక్కడ కాణభూతి అనే పిశాచం చెప్పిన కథలను పైశాచీ భాషలో, సిరా దొరకక తన నెత్తుటితోనే, ఏడు లక్షల శ్లోకాలుగా రాశాడు. పిశాచాల భాష, నెత్తుటి రాత అని రాజు తిప్పి పంపాడు. గుణాఢ్యుడు గుట్ట మీద మంట వేసి, ఒక్కో ఆకు చదివి నిప్పులో వేస్తుంటే అడవి జంతువులు మేత మాని, కన్నీళ్లతో చుట్టూ చేరి విన్నాయట. జంతువులు చిక్కిపోయి రాజుగారి వంటశాలకు ఎండు మాంసం రావడం మొదలైంది. కారణం తెలిసి రాజు వెళ్లేసరికి మిగిలింది లక్ష శ్లోకాలే. ఇది ఐతిహ్యం, చరిత్ర కాదు. అయినా ఇలాంటి కథల తొలి శ్రోతలెవరో ఇంతకన్నా బాగా చెప్పిన రచన నాకు తెలియదు. పండితుల కొలువు కాదన్నదాన్ని అడవి జీవాలు తిండి మరిచి విన్నాయి. పిల్లలది ఎప్పుడూ ఆ జీవాల పక్షమే.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే అవ్వలు మనవళ్లకు శాత్రం, అంటే కథ, చెప్పేటప్పుడు ‘ఊ’ కొట్టమంటారు. నోరు ఎండిపోతున్నా ఊ కొట్టాల్సిందే. కొట్టకపోతే కథ అక్కడే ఆగుతుంది, రాక్షసుడు గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. బేతాళుడి షరతు దీనికి తలకిందులు. రాజు నోరు విప్పకూడదు, విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. శవం వేసేవన్నీ ధర్మసందేహాలే. ఈ ముగ్గురిలో గొప్పవాడెవరు, ఈ చావుకు పాపం ఎవరిది? చదివే పిల్ల రాజుకంటే ముందే జవాబు వెతుకుతుంది. భయంలో ఆమె తెలివి మొద్దుబారదు, మరింత పదునెక్కుతుంది. ఈ కథలను ఇన్ని తరాలు మోసింది ఆ ప్రశ్నలేనని నా నమ్మకం.

తెలంగాణ ఊళ్లలో శారదకాండ్లు రాత్రుళ్లు పాడిన బాలనాగమ్మ కథలో పిల్లల పాత్ర ఇంకా పెద్దది. మాయల మరాఠి బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ పోయిన భర్త కార్యవర్ధి, అతని అన్నదమ్ములు, సైన్యం అంతా రాళ్లయిపోతారు. ఇక మిగిలింది ఒక్క పసివాడు, బాలవర్ధి. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందన్న రహస్యాన్ని తల్లి తియ్యటి మాటలతో రాబడితే, కొడుకు పోయి ఆ చిలుకను తెస్తాడు. ఎంతటి భూతానికైనా ప్రాణం ఎక్కడో ఒక చోట దాగి ఉంటుంది, అక్కడికి ఒక దారి ఉంటుంది, ఆ దారి చిన్నవాడికి దొరుకుతుంది. పెద్దలంతా ఓడిపోయిన చోట తన ఈడువాడు గెలవడం వినే పిల్లకు ఎంత ధైర్యమో ఊహించండి.

ఇదే కథ 1868లో లండన్‌లో అచ్చయిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’లోనూ ఉంది. బొంబాయి గవర్నర్ బార్టిల్ ఫ్రేర్ కూతురు మేరీ ఫ్రేర్, తమ ఆయా అన్నా లిబరేటా డిసౌజా చెప్పగా రాసుకున్న కథల సంపుటి అది. అందులో మాంత్రికుడు పంచ్‌కిన్, అతను ఎత్తుకుపోయిన రాణి బాల్నా. రాళ్లైన అన్నదమ్ములు, పంజరంలో పచ్చని చిలుక, దాని రెక్కలూ కాళ్లూ విరిచే కొడుకు, అన్నీ మనవే. అన్నా ఆ కథలను తన అవ్వ దగ్గర విన్నది. ఇలాంటి కథలకు అభ్యంతరం కొత్తదేమీ కాదు. జర్మనీలో గ్రిమ్ సోదరుల కథలు 1812లో వచ్చినప్పుడు పిల్లలకు పనికిరావన్నారు. 1825లో 50 కథలతో పిల్లల కూర్పు తెచ్చినా, పొయ్యిలో పడి కాలే మంత్రగత్తెను మాత్రం వాళ్లు తీసేయలేదు.

అచ్చు పుస్తకంగా మన జిల్లాల పిల్లలకు ఈ లోకాన్ని తెరిచింది చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు 1954 నాటి ‘తోకచుక్క’తో ఆరంభమయ్యాయి. సోమదేవుడి త్రివిక్రమసేనుడే అక్కడ విక్రమార్కుడు. భుజాన శవం, చేత కత్తితో నడిచే అతణ్ణి చిత్రకారుడు శంకర్ గీశారు. పాత బేతాళ కథలు పాతికే. అవి అయిపోయాక దశాబ్దాల పాటు కొత్త ప్రశ్నలు కల్పించి కథలల్లారు. ఆ రోజుల్లో, 1980లో చనిపోయేదాకా, సంపాదకత్వ బాధ్యత మోసింది హేతువాది కొడవటిగంటి కుటుంబరావు. దయ్యాలు లేవని నమ్మిన మనిషి పిల్లల కోసం బేతాళుణ్ణి నెలనెలా చెట్టు మీది నుంచి దింపాడంటే, కథలోని దయ్యానికీ ఊరి దయ్యానికీ తేడా ఆయనకు బాగా తెలుసన్నమాట.

ఆ తేడా ఈ నేల మీద నెత్తురుతో రాసి ఉంది. బాణామతి చేస్తున్నారని, మంత్రాలు చేస్తున్నారని నిందమోపి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మనుషులను కొట్టారు, పళ్లు ఊడగొట్టారు, చంపారు. ఎక్కువగా బలయ్యింది నోరులేని పేదలే. పోయినతరంలో ఇంటింటి గోడ మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న భయం కూడా ఈ జాతిదే. పుకారులోని దయ్యానికి చిలుక ఉండదు. అది ప్రశ్న అడగదు, దాని కథకు ముగింపు రాదు. కాబట్టి గుంపు తానే ముగింపు వెతుక్కుంటుంది, పక్కింటి మనిషి రూపంలో. దయ్యాల కథలు చదివితే పిల్లలు చెడిపోతారనే పెద్దలు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. మొదలూ తుదీ ఉన్న భయాన్ని చిన్నప్పుడే ఎరిగిన పిల్ల, పెద్దయ్యాక తుదిలేని పుకారును అంత తేలిగ్గా నమ్మదని నేననుకుంటాను.

మొదలూ తుదీ ఉన్న అలాంటి భయం మన దగ్గరే ఉంది. గోదావరికి ఉత్తరాన, ఆదిలాబాద్ అడవుల్లో, గోండుల దేవతల పుట్టుకే చీకట్లో మొదలవుతుంది. శంభు మహాదేవుడు ఆ దేవతలను గుహలో మూసేస్తే, గోండుల ఆదిగురువు పహండి కుపార్ లింగల్, దేవత జంగుబాయి విడిపిస్తారు. పర్ధాన్ గాయకులు మూడు తంతుల కిక్రీ వాయిస్తూ ఆ కథను తరాలుగా పాడుతున్నారు. కెరమెరి మండలంలోని జంగుబాయి గుహకు పుష్యమాసంలో పిల్లాజెల్లాతో కుటుంబాలు వస్తాయి. అప్పటిదాకా విన్న చీకటిలోకి పిల్లలు తమ కాళ్లతో అడుగుపెడతారు.

ఈ కథలను మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1948లో ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’లో ఇంగ్లిష్‌లో నమోదు చేశారు. మరుసటి ఏడాది సేతు మాధవరావు పగడి గోండుల మీద మరో పుస్తకం తెచ్చారు. రెండూ పెద్దల కోసం, పండితుల కోసం రాసినవే. హైమెండార్ఫ్ కృషితోనే 1940లలో మార్లవాయిలో గోండి పిల్లలకు బడి, గురువులకు శిక్షణ, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. ఇప్పుడు గోండికి సొంతమైన గుంజాల గోండి లిపికి 2018 నుంచి యూనికోడ్‌లో చోటు ఉంది, అచ్చు వేయడానికి అడ్డంకి లేదు. లింగల్ కథ ఆ లిపిలో, పక్క పేజీలో తెలుగుతో, బొమ్మలతో, ఉట్నూరు బడి పిల్లల చేతికి రావాలి. రాసేవాళ్లు మాత్రం భయపడి దాన్ని మెత్తబరచకూడదు. గుహ నోటికి అడ్డంపెట్టిన బండ ఎంత బరువో, లోపలివాళ్లు ఎంత ఆకలితో ఉన్నారో చెప్పాకే లింగల్ రావాలి.