కృష్ణానగర్ కింద చెరువు, మన గూడెం కుంట

ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది. ఓపిక లేనోళ్లు చివర్లో అటవీ హక్కుల చట్టం గురించి రాసిన భాగమైనా చదవండి, అది మన అందరి పని.

కృష్ణానగర్ అంటే హైదరాబాద్‌లో ఎవరికైనా సినిమానే గుర్తొస్తుంది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లమెల్లగా ఇటు కదిలాక జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్ వాళ్లు అద్దెకు దిగింది ఈ ఇరుకు గల్లీల్లోనే. పైన జూబ్లీహిల్స్, ఫిలింనగర్ గుట్టలు. కింద కృష్ణానగర్, ఇంకా కింద యూసుఫ్‌గూడ. గంటసేపు గట్టి వాన కొడితే పై గుట్టల నీళ్లన్నీ ఈ గల్లీల్లోంచే దూకుతాయి, బైకులు కొట్టుకుపోతాయి. ఆ వీడియోలు మనమంతా చూసినవే. కృష్ణానగర్ మునిగిందని జనం అంటారు. నీళ్ల వైపు నుంచి చూస్తే అవి పాత దారినే పోతున్నాయి. ఆ దారిలో యూసుఫ్‌గూడ చెరువు ఉండేది. ఇప్పుడు అక్కడ కృష్ణకాంత్ పార్కు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నర్‌గా చేసి 1997లో ఉపరాష్ట్రపతి అయిన ఆయన పేరు అది. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చేవాళ్లలో తాము చెరువు కడుపులో నడుస్తున్నామని ఎంతమందికి తెలుసో!

పక్కనే బంజారాహిల్స్. లంబాడా మిత్రులకు చెప్పనక్కర్లేదు, ఆ గుట్టలకు ఆ పేరు అక్కడ ఉండిన బంజారాల వల్లే వచ్చింది. 1930లో కట్టిన హమీద్‌ఖాన్ కుంటనే బంజారా చెరువు అంటారు. ఇప్పుడు పేరు ఖరీదైంది, తండా లేదు, కుంట చిక్కిపోయింది.

నగరం ఆ చెరువుల చుట్టూ ఉన్న బతుకును మర్చిపోయింది గానీ మనం ఇంకా మర్చిపోలేదు. మన గూడేల్లో, తండాల్లో, పెంటల్లో ఏడాదికి ఏడెనిమిది నెలలే నీళ్లుండే చిన్న కుంటలు ఇంకా ఉన్నాయి. మొలలోతు దాటని నీళ్లు, అడుగున బురద, గట్టు మీద తుమ్మ చెట్లు. అధికారుల లెక్కలో అవి పెద్దగా పనికిరానివి. కానీ అక్కడ చేపలు పట్టడం ఒక పూర్తి విద్య. దానికి క్యాలెండర్ ఉంది, పనిముట్లున్నాయి, కట్టుబాట్లున్నాయి.

మృగశిర కార్తెతో మొదలుపెడదాం. జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ రోజు హైదరాబాద్ మార్కెట్లలో చేపలు కొనడానికి జనం ఎగబడతారు, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం వాళ్లు బతికున్న కొర్రమీను పిల్లతో చేపమందు వేస్తారు. నగరంలో ఆ కార్తెకు మిగిలిన గుర్తు అదే. ఊళ్లలో దానికి వేరే అర్థం ఉంది. తొలకరి వరద కుంటలోకి దిగగానే చేప ఎదురెక్కుతుంది. గుడ్లు పెట్టడానికి లోతు తక్కువగా, గడ్డి ఎక్కువగా ఉన్న చోటు వెతుక్కుంటూ కాలవల్లోకి, మళ్లలోకి పాకుతుంది. మనోళ్లు కాలవ మూతి దగ్గర వెదురు మావు పెట్టేది అప్పుడే. మావు లోపలికి పోవడానికి వీలుంటుంది, లోపల పుల్లలు ఎదురు తిరిగి ఉంటాయి కాబట్టి వెనక్కి రావడానికి ఉండదు.

శ్రావణం, భాద్రపదాల్లో కుంట నిండుగా ఉంటుంది, వేట తక్కువ. అప్పుడప్పుడు గాలం వేస్తారంతే. ఆ రోజుల్లో నీటి మీద ఎర్రగా ఒక ముద్ద కదులుతూ కనిపిస్తుంది. అవి కొర్రమీను పిల్లలు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ జంటను పట్టొద్దని మా ముసలోళ్లు గట్టిగా చెప్తారు, ఎందుకంటే కాపలా పోతే మిగతా చేపలే ఆ పిల్లల్ని తినేస్తాయి. జీవశాస్త్రం పుస్తకంలో ఇదంతా 'సంతాన సంరక్షణ' అని ఒక్క ముక్కలో ఉంటుంది.

అసలు పండగ ఎండాకాలంలో. ఫాల్గుణం దాటి నీళ్లు మోకాలి కిందికి దిగుతాయి. ఒక రోజు అనుకుని ఊరంతా కుంటలో దిగుతారు. ఒక్కరు ముందు పోయి పట్టుకోవడం తప్పు. ఆడవాళ్ల చేతుల్లో ఊతలు. ఊత అంటే తెలియని తమ్ముళ్ల కోసం చెప్తున్నాం: పైనా కిందా తెరిచి ఉన్న వెదురు బుట్ట, కింద వెడల్పు, పైన ఇరుకు. బురద నీళ్లలో చేప కదిలిన చోట గబుక్కున దించాలి, లోపల కొట్టుకుంటున్నట్టు తగిలితే పైనుంచి చెయ్యి పెట్టి తియ్యాలి. జెల్ల అయితే ముల్లు గుచ్చుతుంది, ఇంగిలాయి అయితే ఆ పూటంతా చెయ్యి మంటే. ఎవరి ఊతలో పడింది వాళ్లది, కానీ దిగలేని ముసలోళ్ల ఇంటికి ఇంత పంపకుండా వండుకోరు. సినిమాల్లో మనల్ని చూపించేటప్పుడు హీరో నడుంలోతు తేటనీళ్లలో నిలబడి ఈటెతో చేపను పొడుస్తాడు. ఆ సెట్లు వేసేది కృష్ణానగర్ పనోళ్లే, పాపం వాళ్లకు ఎవరు చెప్తారు. నిజం వేటలో ఒంటి నిండా బురదే, చేతిలో బుట్టే, ముందుండేది మా అమ్మలు, అత్తలే.

ఎండే కుంటలో చేప ఎలా బతుకుతుందనేది ఇందులో అన్నిటికంటే ఆసక్తికరం. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, గొరక, ఇవన్నీ పైకొచ్చి గాలి పీల్చగలవు. మొప్పలతో పాటు గాలి నుంచి ఆక్సిజన్ తీసుకునే అదనపు అవయవం వాటికుంది. అందుకే నీళ్లు వేడెక్కి చిక్కబడినా అవి బురదలో తలదాచుకుని తర్వాతి వానదాకా లాగుతాయి. తెలంగాణ ప్రభుత్వం కొర్రమీనును రాష్ట్ర చేపగా ఊరికే పెట్టుకోలేదు.

ఇప్పుడు దీనిపక్కన ప్రభుత్వ చేపను పెట్టి చూడండి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి కార్పు చేపలతో గుడ్లు పెట్టించారు. బొచ్చె, రవ్వ, మ్రిగాల నదిలో పారే నీళ్లలో తప్ప నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. ఈ పద్ధతి వచ్చాక విత్తనం హేచరీలో తయారైంది, దేశం మొత్తం చెరువుల్లోకి పోయింది. చేపల ఉత్పత్తి పెరిగింది, అది మంచిదే. తెలంగాణలో 2016 నుంచి ఉచిత చేపపిల్లల పంపిణీ కూడా జరిగింది. కానీ విత్తనం బయటినుంచి వచ్చినప్పుడు దాని వెనకే సొసైటీ, గుత్త, వేలం, కాపలావాడు కూడా వస్తారు. కుంటలో తనంత తానే పుట్టే చేపకు యజమాని లేడు, కొనుక్కొచ్చి వదిలిన చేపకు ఉంటాడు. మా వైపు కొన్ని ఊళ్లలో గట్టు మీద కాపలా పెట్టి, ఊతతో దిగిన ఆడవాళ్లను వెనక్కి పంపించిన రోజులున్నాయి. తమ ఊరి కుంటలోనే వాళ్లు దొంగలయ్యారు.

ఇది కొత్త కథ కూడా కాదు. కొమురం భీం పేరు చెప్పగానే మనం జల్, జంగల్, జమీన్ అంటాం. 1940లో జోడేఘాట్‌లో ఆయన ప్రాణం ఇచ్చాక కూడా మన పోరాటాలన్నీ ఎక్కువగా జమీన్ చుట్టూ, తర్వాత జంగల్ చుట్టూ తిరిగాయి. 1/70 చట్టం భూమి గురించే. మొదటి మాటైన జల్‌ను మనం నినాదంలోనే వదిలేశాం అనిపిస్తుంది. కాకతీయుల పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల మీద పుస్తకాలున్నాయి. ఎవరు తవ్వించారో, ఎంత ఆయకట్టో ఉంటుంది. వాటి పైన అడవిలో ఉన్న చిన్న కుంటల గురించి ఎక్కడ చదువుతాం?

చట్టాల్లో చేపల గురించి వచ్చినప్పుడు కూడా మొదట వచ్చింది నిషేధమే. బ్రిటిషోళ్లు 1897లో చేసిన ఫిషరీస్ చట్టం డైనమైట్‌తో, విషంతో చేపలు పట్టడాన్ని నేరం చేసింది. డైనమైట్ విషయంలో అది న్యాయమే. ఇప్పుడు పొలం మందులు కలిపి చేపలు పట్టే మన కుర్రాళ్లకు కూడా ఆ మాట చెప్పాల్సిందే, కుంటలో గాలి పీల్చే చేప కూడా దానికి మిగలదు.

హక్కు అనే మాట రావడానికి వందేళ్లు పట్టింది. 1996 పెసా చట్టం సెక్షన్ 4(జె) షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా సూటిగా చెప్పింది. సెక్షన్ 3(1)(డి)లో సామూహిక హక్కుల కింద చేపలు, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తులు అని రాసి ఉంది. మనలో చాలామందికి ఈ చట్టం అంటే పోడు పట్టానే తెలుసు, అంటే ఫారం-ఎ. సామూహిక హక్కులకు వేరే ఫారం-బి ఉంది, అందులో చేపలు, నీటి వనరులకు విడిగా ఒక గడి ఉంది. మీ కుంట అటవీ భూమిలో ఉంటే ఇది పనికొస్తుంది. రెవెన్యూ భూమిలో ఉండి, ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటే పెసా వైపు నుంచి గ్రామసభలో అడగాలి.

రుజువు ఎక్కడినుంచి తేవాలి అని అడుగుతారు. చట్టం కింద చేసిన నిబంధనల్లో 13వ నిబంధన చూడండి. సామూహిక హక్కులకు రుజువుల్లో సంప్రదాయంగా చేపలు పట్టే చోట్లు అని పేరుపెట్టి చెప్పారు. క్లెయిమ్ పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పింది రాసిపెట్టినా రుజువే. అంటే మన ముసలోళ్లు మంచం మీద కూర్చుని చెప్పే కుంట కబుర్లు కాగితం మీదికొస్తే గ్రామసభ ముందు, ఆ పైన సబ్ డివిజన్, జిల్లా కమిటీల ముందు పెట్టొచ్చు.

సంక్రాంతి సెలవులకు ఇళ్లకు పోతున్నాం కదా. ఒక నోట్‌బుక్ పట్టుకుపోదాం. కుంటకు మన భాషలో ఉన్న పేరు, ఎవరి కాలం నుంచి ఆ పేరు, నీళ్లు ఏ నెలలో వచ్చి ఏ నెలలో పోతాయి, ఊరంతా ఏ రోజుల్లో దిగేవాళ్లు, ఏయే చేపలు ఉండేవి, ఏవి ఇప్పుడు లేవు, పక్క ఊరితో హద్దు ఎక్కడ, ఆపేసింది ఎప్పుడు, ఎవరు. చెప్పిన పెద్దాయన లేదా పెద్దమ్మ పేరు, వయసు, వేలిముద్ర, తేదీ. కోయ, గోండు, కొండరెడ్డి, చెంచు, లంబాడా, ఎవరి మాటల్లో వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయండి, తెలుగు తర్వాత పక్కన రాసుకుందాం.