ఆదిమ క్రైస్తవ సంఘంలో హింస, ప్రార్థన

రోమా సామ్రాజ్యంలో క్రైస్తవులపై హింస మొదటి మూడు శతాబ్దాలూ ఎడతెగకుండా సాగలేదు. క్రీ.శ. 250 వరకు అది ఏదో ఒక పట్టణంలో, అక్కడి అధికారిని బట్టీ జనాగ్రహాన్ని బట్టీ చెలరేగి చల్లారేది. ఆ వాతావరణంలోనే సంఘం ప్రార్థన రూపుదిద్దుకుంది.

ఆ ప్రార్థనకు ఒరవడి అపొస్తలుల కార్యములు గ్రంథంలోనే ఉంది. యెరూషలేము మహాసభ బెదిరించి వదిలేసిన పేతురు, యోహానులతో కలిసి విశ్వాసులు ప్రార్థించినప్పుడు శత్రువుల నాశనాన్ని కోరలేదు, వాక్యం బోధించే ధైర్యాన్ని అడిగారు. స్తెఫను రాళ్ల దెబ్బలకు ప్రాణం విడుస్తూ తనను చంపుతున్నవారి కోసం వేడుకున్నాడు.

64లో రోమా నగరం తగలబడితే నీరో చక్రవర్తి ఆ నేరాన్ని క్రైస్తవులపై మోపాడు. సుమారు 112లో బితూనియ పాలకుడు ప్లీనీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖ బయటివాడి సాక్ష్యం కనుక మరింత విలువైనది. క్రైస్తవులు నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా కీర్తిస్తారని ఆయన విచారణలో తేలింది. ఇంకా ఏదో రాబట్టాలని సంఘ పరిచారికలైన ఇద్దరు దాసీలను చిత్రహింస పెట్టించినా, మూఢనమ్మకం తప్ప మరేమీ కనబడలేదని రాశాడు. రెండో శతాబ్ది మధ్యకాలంలో స్ముర్న బిషప్ పొలికార్ప్ తనను పట్టుకోవడానికి వచ్చిన భటులకు భోజనం పెట్టించి, ప్రార్థనకు కాస్త వ్యవధి అడిగి, రెండు గంటలు నిలబడి ప్రార్థించాడని ఆయన మరణగాథ చెబుతుంది. 203లో కార్తేజ్‌లో చనిపోయిన పెర్పెటువా 22 ఏళ్ల బాలింత. చెరసాలలో ఆమె రాసుకున్న అనుభవ కథనం క్రైస్తవ స్త్రీల రచనల్లో మనకు దక్కిన అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి.

డెసియస్ చక్రవర్తి ఆజ్ఞతో పరిస్థితి మారింది. సామ్రాజ్యంలోని ప్రజలంతా దేవతలకు బలి అర్పించి అధికారుల నుంచి ధ్రువపత్రం పొందాలన్నాడు. అలాంటి పత్రాలు 40కి పైగా ఈజిప్టులో దొరికాయి. 250 జనవరిలో రోమా బిషప్ ఫేబియన్ ప్రాణాలు కోల్పోయాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్ అజ్ఞాతంలోకి వెళ్లి, ఉత్తరాలతోనే సంఘాన్ని నడిపాడు. కాపరి పారిపోయాడన్న నింద ఆయనను వెంటాడింది.

హతసాక్షుల కథలు మరుగుపరిచే నిజం ఒకటుంది: చాలామంది నిలబడలేదు. కొందరు బలి అర్పించారు, కొందరు ధూపం వేశారు, మరికొందరు లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక వీరంతా కన్నీళ్లతో సంఘం తలుపు తట్టారు. రోమాలో నొవేషియన్ అనే సంఘ పెద్ద వీరిని చేర్చుకోకూడదని పట్టుబట్టి వేరుపడ్డాడు. మరోవైపు, చెరలో బాధలు పడినవారిలో కొందరు అడిగినవారికల్లా సిఫారసు లేఖలు ఇచ్చేశారు. 251లో కార్తేజ్ సభ మధ్యేమార్గం పట్టింది. పత్రం కొన్నవారిని ఒక్కొక్కరినీ విచారించి చేర్చుకోవాలనీ, బలి అర్పించినవారు పశ్చాత్తాపంలో కొనసాగితే మరణశయ్యపై చేర్చుకోవాలనీ తీర్మానించింది. మళ్లీ హింస ముంచుకొస్తోందని తోచగానే సిప్రియన్, ఆయన తోటి బిషప్పులు పశ్చాత్తాపపడుతున్నవారందరికీ తలుపు తెరిచారు. పోరాటానికి వెళ్లేవారికి ప్రభువు బల్ల బలం అవసరమన్నది వారి వాదన.

ఈ కలతల కాలంలోనే సిప్రియన్ పరలోక ప్రార్థనపై చిన్న గ్రంథం రాశాడు. ఆ ప్రార్థనలో ఏకవచనం లేకపోవడం ఆయనకు ముఖ్యంగా తోచింది: ఆహారమైనా, క్షమాపణైనా అడిగేది తనొక్కడి కోసం కాదు, అందరి కోసం. చీలిపోతున్న సంఘాన్ని కళ్లారా చూస్తున్న మనిషి మాట అది.

వలేరియన్ చక్రవర్తి హయాంలో సిప్రియన్‌కు ముందు దేశబహిష్కారం, తర్వాత మరణశిక్ష పడ్డాయి. ఈసారి ఆయన తప్పించుకోలేదు. తలారికి 25 బంగారు నాణేలు ఇమ్మని చెప్పి 258 సెప్టెంబరు 14న తల వంచాడు. 260లో గాలియెనస్ చక్రవర్తి ఆ హింసను ఆపి సంఘాల స్థలాలను తిరిగి ఇప్పించాడు. 303లో డయోక్లెషియన్ చక్రవర్తి మొదలుపెట్టిన చివరి పెద్ద హింసలో లేఖనాలను అధికారులకు అప్పగించినవారి విషయంలో అదే ప్రశ్న మళ్లీ తలెత్తింది. 313లో మతస్వేచ్ఛ వచ్చినా, ఆ వివాదం నుంచి పుట్టిన డొనాటిస్టు చీలిక ఉత్తర ఆఫ్రికా సంఘాన్ని వందేళ్లకు పైగా రెండుగా ఉంచింది.