చెరకు గానుగ దూలం, జడత్వ భ్రామకం

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో, బంగారుపాళ్యం వంటి చెరకు పండే ప్రాంతాలలో, మోటార్లు రాకముందు ఇనుప రోలర్ల గానుగను ఎడ్లే తిప్పేవి. పొడవైన దూలం ఒక కొనను గానుగ తలకు బిగించి, రెండో కొనకు ఎడ్లను కట్టేవారు. దూలం ద్రవ్యకేంద్రం ఇరుసుకు దూరమైనందున దాని జడత్వ భ్రామకం, అనగా భ్రమణ వేగంలో మార్పును నిరోధించే గుణం, పెరుగుతుంది. సమాంతర అక్షాల సిద్ధాంతం ప్రకారం ద్రవ్యకేంద్రం గుండా పోయే అక్షం పరంగా ఉన్న విలువకు, ద్రవ్యరాశిని దూరపు వర్గంతో గుణించి కలపాలి. ప్రయోగశాలలో తిరిగే పళ్లెంపై దిమ్మెను కేంద్రం నుంచి జరిపినప్పుడూ లెక్క ఇదే. అంతటా ఒకే మందం గల దూలాన్ని నడిమిన కాక కొనన తిప్పితే జడత్వ భ్రామకం సరిగ్గా 4 రెట్లు. అయినా ఎడ్ల మందగమనంలో ఈ భారం కదలిక మొదలయ్యే క్షణానికే పరిమితం. అసలు నిరోధమంతా రోలర్ల మధ్య నలిగే చెరకుదే, దానిని అధిగమించడానికి పొడవైన దూలమే అనుకూలం.