జీన్లకీ ఓ ఊరుంటుంది

ఇక్కడ మన తెలుగువాళ్ళు నలుగురు కలిసినచోట ఒక మాట తప్పకుండా వినబడుతుంది: “అది మనవాళ్ళ జీన్స్‌లోనే ఉందండీ!” పిల్లాడు స్పెల్లింగ్ బీలో గెలిచినా, అమ్మాయికి మెడిసిన్‌లో సీటొచ్చినా జీన్సే. నలభై దాటకుండానే సుగరొచ్చినా, జుట్టు రాలినా మళ్ళీ జీన్సే. వాటిలో మంచివీ చెడ్డవీ అని రెండు రకాలున్నాయనీ, మంచివాటిని మనం జాగ్రత్తగా సూట్‌కేసులో సర్దుకుని తెచ్చుకున్నామనీ మనకో నమ్మకం. నేను చదివింది కంప్యూటర్ సైన్సు. ఇంటర్లో ఎంపీసీ తీసుకున్న రోజే జీవశాస్త్రానికి సెలవిచ్చేశాను. అయినా ఈ మంచిచెడ్డల లెక్క ఎలా తేలిందో చదువుతుంటే వదలబుద్ధి కాలేదు. ఎందుకంటే అందులో సగం అమెరికాకి వలసొచ్చినవాళ్ళ కథ. చివర్లో కాస్త మన గోదావరి జిల్లా కథ కూడా.

1910లో జేమ్స్ హెరిక్ అనే షికాగో డాక్టరు ఒక విద్యార్థి రక్తం గురించి రాశాడు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొన్ని కొడవళ్ళలా వంగి ఉన్నాయి. ఆ కుర్రాడు చదువుకోసం కరీబియన్ దీవి గ్రెనడా నుంచి వచ్చినవాడు. 1925లో డెట్రాయిట్‌లో థామస్ కూలీ అనే పిల్లల డాక్టరు, ఇటలీ, గ్రీసు దేశాలనుంచి వలసొచ్చిన కుటుంబాల పిల్లల్లో ఇంకో తీవ్రమైన రక్తహీనతను గుర్తించాడు. దానికే తర్వాత థలసీమియా అని పేరొచ్చింది. సముద్రానికి గ్రీకుమాట అందులో ఉంది. మొదటిది సికిల్ సెల్ జబ్బు. అలా రెండు జబ్బులూ వైద్యగ్రంథాల్లోకి ఎక్కింది అమెరికాలోనే, అదీ బయటినుంచి వచ్చినవాళ్ళ రక్తంలో.

రెండిటి పద్ధతీ ఒకటే. హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన జన్యువు అమ్మనుంచి ఒకటి, నాన్ననుంచి ఒకటి వస్తుంది. రెండిట్లో ఒకటి మాత్రమే తేడాగా ఉంటే మనిషి మామూలుగానే తిరుగుతాడు; అతను క్యారియర్. రెండూ తేడాగా ఉంటే జబ్బు. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం.

చిక్కు ఇక్కడే వచ్చింది. 1859లో డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ప్రకారం, బతకడానికి అడ్డొచ్చే లక్షణం తరాలు గడిచేకొద్దీ తగ్గిపోవాలి. ఆ రోజుల్లో ఈ జబ్బున్న పిల్లలు చాలామంది పెళ్ళీడుకి రాకుండానే పోయేవారు. పోయిన ప్రతి బిడ్డతోనూ రెండేసి జన్యువులు లెక్కలోంచి పోతున్నాయి. మరి ఈపాటికి అవి అరిగిపోవాలి కదా? 1947లో నీల్, వాలెంటైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు, ఇటలీ మూలాలున్న కుటుంబాలను పరిశీలించి, పోయినన్ని జన్యువులూ ఉత్పరివర్తన వల్ల కొత్తగా పుట్టుకొస్తూ ఉండాలన్నారు.

లండన్‌లో జె.బి.ఎస్. హాల్డేన్ దీన్ని నమ్మలేదు. ఆయనకి సైన్సులో డిగ్రీయే లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది లెక్కలూ, గ్రీకు లాటిన్ సాహిత్యాలూను. ప్రకృతి వరణాన్ని సమీకరణాల్లోకి దింపిన ముగ్గురు నలుగురిలో ఆయనొకడు. మాంచెస్టర్ పొగలో నల్లరంగు చిమ్మటలు ఎంత వేగంగా పెరిగాయో 1924లోనే లెక్కగట్టాడు. థలసీమియాకి అంత ఉత్పరివర్తన రేటు అసంభవమనిపించి, 1948లో స్టాక్‌హోం సభలో ఇంకో దారి చూపించాడు. ఆ ప్రసంగం 1949లో అచ్చయింది. మధ్యధరా తీరమంతా మలేరియా ప్రాంతం కదా, క్యారియర్లు మలేరియాని తట్టుకుని బతుకుతున్నారేమో అన్నది ఆ ఊహ.

ఊహకి రుజువు ఆఫ్రికాలో దొరికింది, సికిల్ సెల్ విషయంలో. కెన్యాలో పెరిగిన ఆంథొనీ ఆలిసన్ 1949లో అక్కడ రక్త నమూనాలు సేకరించాడు. సముద్రతీరంలోనూ విక్టోరియా సరస్సు చుట్టుపక్కలా క్యారియర్లు 20 శాతం పైనే. మలేరియా లేని కొండప్రాంతాల్లో ఒక శాతం కూడా లేరు. తర్వాత వాలంటీర్లకి మలేరియా ఎక్కించి చూశాడు. మామూలువాళ్ళు 15 మందిలో 14 మందికి సోకింది. క్యారియర్లు 15 మందిలో ఇద్దరికే. ఇవాళైతే అలాంటి ప్రయోగానికి అనుమతి దొరకదు. ఆ ఫలితాలు 1954లో వెలువడ్డాయి.

లెక్క మనమే చేసి చూడొచ్చు. ఒక ఊళ్ళో ఆ జన్యువు పదో వంతు ఉందనుకోండి. వందమంది పిల్లలు పుడితే 81 మంది మామూలువాళ్ళు, 18 మంది క్యారియర్లు, ఒకరికి జబ్బు. ఆ ఒక్కరూ బతకరనుకుందాం. క్యారియర్లందరూ బతికి, ఆ 81 మందిలో తొమ్మిదిమందిని మలేరియా తీసుకుపోతే చాలు, ఆ జన్యువు తర్వాతి తరంలోనూ సరిగ్గా పదో వంతే ఉంటుంది. తొమ్మిదిమందికీ ఒకరికీ మధ్య బేరం అది. ఆ ఒక్కరి తల్లి దుఃఖం మాత్రం ఈ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అదే జన్యువుని ఓడెక్కించి అమెరికా పంపండి. బానిసలుగా తెచ్చినవాళ్ళతో అది నిజంగానే అలా వచ్చింది. 1951కల్లా ఈ దేశంలో మలేరియా పోయింది. లాభం పోయింది, అప్పు మిగిలింది. జబ్బొక్కటే దాన్ని తగ్గిస్తూ పోతే పదో వంతు ఇరవయ్యో వంతు కావడానికి పది తరాలు పడుతుంది. అంటే రెండువందల ఏళ్ళ పైమాటే.

ఈ చరిత్ర పట్టకపోతే ఏమవుతుందో ఈ దేశమే చూపించింది. 1970లలో కొన్ని రాష్ట్రాలు నల్లజాతివాళ్ళకి సికిల్ సెల్ పరీక్షలు తప్పనిసరి చేశాయి. క్యారియర్‌కీ రోగికీ తేడా తెలియక, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఉద్యోగాలు, ఇన్సూరెన్సులు నిరాకరించినవాళ్ళున్నారు. వైమానిక దళ అకాడమీ 1981 దాకా క్యారియర్లని చేర్చుకోలేదు.

మనమేమీ తీసిపోలేదు. మా వీధిలో ఒక తెలుగు జంటకి పాప పుట్టింది. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ చేసే రక్తపరీక్షలో సికిల్ సెల్ క్యారియర్ అని వచ్చింది. ఫోన్లో అత్తగారు, “అది ఆఫ్రికావాళ్ళ జబ్బు కదమ్మా, మా వంశంలో ఎవరికీ లేదే! మీవైపేమైనా ఉందేమో కనుక్కో” అన్నారట. ఆ అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే అది వాళ్ళాయనవైపునుంచి వచ్చినట్టు తేలింది. అత్తగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. వాళ్ళాయన నన్నడిగితే చెప్పాను: ఇది జాతి గుర్తు కాదు, మలేరియాతో బతికిన ఊళ్ళ గుర్తు. గ్రీసులో ఉంది, అరేబియాలో ఉంది. మన దేశంలో 1952లోనే నీలగిరి గిరిజనుల్లో కనుక్కున్నారు. మన మన్యంలోనూ ఉంది. 2023లో భారత ప్రభుత్వం 17 రాష్ట్రాల్లో ఏడు కోట్లమందికి పరీక్షలు తలపెట్టింది. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణా రెండూ ఉన్నాయి.

హాల్డేన్ 1957లో ఇండియాకి వచ్చేసి భారత పౌరుడయ్యాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు కలకత్తాలో ఆయన శిష్యుడయ్యారు. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రదేశపు మేనరికాల మీద పరిశోధన చేశారు. క్యారియర్లిద్దరు కలవడానికి మేనరికం దగ్గరదారి కదా! తర్వాత హ్యూస్టన్‌లో స్థిరపడి గురువుగారి జీవితచరిత్ర రాశారు. 1964లో భువనేశ్వర్‌లో పోయిన హాల్డేన్, తన శరీరం విద్యార్థులకి ఉపయోగపడాలని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు.

2023 డిసెంబరులో అమెరికాలో సికిల్ సెల్‌కి జన్యువుల్ని సవరించే చికిత్సకి అనుమతి వచ్చింది. ఖరీదు 22 లక్షల డాలర్లు. రక్తపరీక్ష దానిముందు చవక. మా పక్కింటివాళ్ళు పాప కాగితాన్ని పాస్‌పోర్టుతో పాటు దాచారు. పాతికేళ్ళ తర్వాత సంబంధం కుదిరినప్పుడు, జాతకాలకన్నా ముందు అది తీసి చూడమని చెప్పాను.